వాద్యం నేర్చుకోవడం జీవితానికి అర్థాన్నివ్వాలంటే సాధనను ఎలా అమర్చుకోవాలి

పెద్దవయసులో వాద్యం పట్టుకున్నవారికి తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది: "ఇప్పుడిది నేర్చుకుని ఏం చేస్తారు?" అడిగేవారి మనసులో కచేరీ, పోటీ, సంపాదన వంటివి ఉంటాయి కాబట్టి, వాటిలో ఏదీ తమ ఉద్దేశం కాదని చెప్పగానే ఆ ప్రయత్నమంతా వాళ్ల దృష్టిలో కాలక్షేపంగా మారిపోతుంది. అయితే వేదిక ముఖమే చూడకుండా ఏళ్ల తరబడి ఇంట్లోనే వాయించుకుంటూ, రోజు మొత్తంలో తమకు విలువైన సమయం అదేనని భావించేవారు ఉన్నారు. ఎంతో ఉత్సాహంగా వాద్యం కొని, ఆరు నెలలు తిరక్కుండానే దాన్ని అటకెక్కించినవారు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ఈ రెండు రకాల వారి మధ్య తేడా ప్రతిభలో కంటే నేర్చుకునే క్రమాన్ని అమర్చుకున్న తీరులోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఏ వాద్యాన్ని ఎంచుకోవాలి, రోజూ ఏం చేయాలి, ఎవరి కోసం వాయించాలి, ముందుకు కదలని రోజుల్లో ఏం చేయాలి అన్న విషయాల్లో తీసుకోవలసిన నిర్ణయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

మొదట తేల్చుకోవలసిన విషయం

ఆస్ట్రియాకు చెందిన మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ (1905–1997) మనిషికి జీవితంలో అర్థం మూడు దారుల్లో దొరుకుతుందని చెప్పారు. ఒక పని చేయడం, లేదా ఒకదాన్ని సృష్టించడం మొదటి దారి. ఒక అందాన్నో, ఒక మనిషినో మనసారా అనుభవంలోకి తెచ్చుకోవడం రెండోది. తప్పించుకోలేని కష్టం వచ్చినప్పుడు దాన్ని ఏ వైఖరితో ఎదుర్కోవాలో తానే నిర్ణయించుకోవడం మూడోది. వాద్యం నేర్చుకునేవారు సాధారణంగా మొదటి దారినే లెక్కలోకి తీసుకుంటారు. ఇన్ని గీతాలు వచ్చాయి, ఫలానా వర్ణం (గీతాల తర్వాత నేర్చుకునే పెద్ద రచన) పూర్తయింది, ఇంత వేగంగా వాయించగలుగుతున్నాను అని చూసుకుంటారు. ఆ లెక్క అవసరమే గాని, అదొక్కటే ఉన్నప్పుడు లెక్క పెరగని నెలల్లో సాధన మీద విరక్తి పుడుతుంది. వాద్యం విషయంలో అటువంటి నెలలు రాక మానవు. కాబట్టి వినడంలోని ఆనందానికీ, చేతకానితనాన్ని ఓర్చుకునే అలవాటుకూ మొదటి రోజు నుంచే సాధనలో చోటు కల్పించాలి.

వాద్యం చేతిలోకి తీసుకోవడానికి ముందు ఒక కాగితం మీద ఈ ప్రశ్నకు జవాబు రాసుకోండి: నేను వాయించేది ఎప్పటికీ ఎవరూ వినరని తెలిసినా నేను దీన్ని నేర్చుకుంటానా, నేర్చుకుంటే ఎందుకు? "మెదడు చురుగ్గా ఉంటుంది", "పిల్లలు చూసి నేర్చుకుంటారు" వంటి జవాబులు చెడ్డవి కావు, కానీ బలహీనమైనవి. ఆ ప్రయోజనాలు వేరే మార్గాల్లోనూ దొరుకుతాయి కనుక, కష్టం రాగానే మనసు ఆ మార్గాల వైపు మళ్లుతుంది. "ఆ నాదం నా చేతుల్లోంచి రావాలని ఉంది" అన్న జవాబు చూడటానికి అమాయకంగా ఉన్నా చాలాకాలం నిలుస్తుంది. ఏ జవాబూ తోచకపోతే కొనుగోలును కొంతకాలం వాయిదా వేసి, రకరకాల వాద్యాలను వింటూ గడపడం మేలు.

వాద్యాన్ని ఎంచుకోవడం

ఏది సులభం అని కాకుండా, ఏ ధ్వని వినబడితే చేస్తున్న పని ఆపి చెవి ఒగ్గుతారో దాన్ని బట్టి ఎంచుకోవాలి. ఎందుకంటే మొదటి ఏడాదంతా అదే ధ్వనిని, అదీ అసంపూర్ణంగా, వంద గంటలకు పైగా వినవలసి ఉంటుంది. ఆ తర్వాతే సౌలభ్యం గురించి ఆలోచించాలి. కీబోర్డు, హార్మోనియం వంటి వాటిలో స్వరస్థానాలు ముందే సిద్ధంగా ఉంటాయి కాబట్టి మొదటి రోజే ఒక చిన్న వరుస వాయించవచ్చు, కానీ మీట నొక్కాక ఆ స్వరాన్ని వేలితో వంచడం, ఊపడం వాటిలో కుదరదు. అలా స్వరాన్ని ఊపి, వంచి పలికించే గమకాల మీద మనసున్నవారికి ఆ లోటు త్వరలోనే తెలిసివస్తుంది. వీణకు 24 మెట్లు (తీగల కింద స్వరాల చోట్లు చూపే అడ్డపట్టీలు), వాయించడానికి నాలుగు తీగలు, తాళానికి మూడు తీగలు ఉంటాయి. మెట్టు చోటు చూపిస్తుంది, తీగను పక్కకు లాగడం ద్వారా గమకం పలుకుతుంది. వయొలిన్‌కు మెట్లు లేవు కనుక వేలు ఎక్కడ పడాలో చెవే చెప్పాలి, అందువల్ల మొదటి నెలలు ఇంటిల్లిపాదికీ పరీక్షగా ఉంటాయి. వేణువులో రంధ్రాలు మూయడం కంటే ముందు, ఊదిన గాలి శబ్దంగా మారడమే పెద్ద సవాలు. కొందరికి అది మొదటి పూటే వస్తుంది, కొందరికి వారాలు పడుతుంది. మృదంగం, తబలా వంటి తాళవాద్యాలను స్వరజ్ఞానం లేనివారి వాద్యాలుగా చూసేవారున్నారు, కానీ వాటికీ శ్రుతి ఉంది, ఒక్కో దెబ్బకూ ఒక్కో పలుకు ఉంది.

వీలైతే కొనడానికి ముందు కొన్నాళ్లు అద్దెకో, తెలిసినవారి దగ్గర అరువుకో తెచ్చుకుని చూడటం మంచిది. మరీ నాసిరకం వాద్యం మాత్రం వద్దు. తీగలు బిగించే బిరడాలు జారిపోయి శ్రుతి నిలవని వాద్యం మీద కొత్తవారు పడే అవస్థలో సగం ఆ వాద్యానిదే, కానీ వాళ్లు దాన్ని తమ అసమర్థతగా భావించి వదిలేస్తారు.

గురువు, తొలి పాఠాలు

తెర మీద చూసి నేర్చుకోవడానికి ఇప్పుడు ఎన్నో పాఠాలు దొరుకుతున్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. అయినా మొదటి ఆరు నెలలు మాత్రం చూసి సరిదిద్దే మనిషి ఉండటం అవసరమని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే వయొలిన్ కమాను పట్టుకున్న బొటనవేలు బిగుసుకుపోవడం, భుజం పైకి లేవడం, మణికట్టు వంగిపోవడం వంటివి వాయించేవారికి తెలియవు. అవి అలవాటైపోయాక మానడానికి రెట్టింపు కాలం పడుతుంది, కొన్నిసార్లు నొప్పులకూ దారితీస్తాయి. గురువును ఎంచుకునేటప్పుడు ఆయన ఎంత గొప్పగా వాయిస్తారన్న దానికంటే, ఆయన దగ్గర పెద్దవయసులో చేరిన శిష్యులు ఎన్నాళ్లు నిలిచారో తెలుసుకోవడం ఉపయోగకరం.

తొలి పాఠాలు విసుగు పుట్టిస్తాయన్న ఫిర్యాదు అంతటా వినిపిస్తుంది. కర్ణాటక సంగీతంలో వాగ్గేయకారుడు పురందరదాసు ఏర్పరచినవిగా చెప్పే తొలి స్వర అభ్యాసాలైన సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలను తప్పించుకుని నేరుగా పాటలకు వెళ్లాలని చాలామంది ఆత్రపడతారు. కానీ ఆ పాఠాల లోపలికి చూస్తే విసుగుకు తావులేని సంగతులు కనిపిస్తాయి. అవి మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. అందులో స నుంచి రికి చిన్న అడుగు, రి నుంచి గకు పెద్ద అంగ, గ నుంచి మకు మళ్లీ చిన్న అడుగు. ప నుంచి పై స వరకు కూడా అచ్చంగా అవే దూరాలు. వయొలిన్ మీద స తీగపై స రి గ మ వాయించిన వేళ్లే పక్కనున్న ప తీగ మీద అవే చోట్ల పడితే ప ద ని స పలుకుతుంది. ఈ పోలికను చెవితో పట్టుకున్న రోజున, అంతవరకు ఎనిమిది స్వరాల బరువుగా ఉన్న పాఠం నాలుగు స్వరాల ఆకృతిగా మారుతుంది, గ దగ్గర దొర్లే తప్పే ని దగ్గర కూడా దొర్లుతోందని తెలుస్తుంది, ఒకటి దిద్దుకుంటే రెండోదీ దారికి వస్తుంది. పాఠం చిన్నదైనా అందులో ఏం జరుగుతోందో అడిగి తెలుసుకుంటూ ఉంటే, సాధన వట్టి వ్యాయామంగా మిగిలిపోదు.

రోజువారీ సాధన

సాధనకు వ్యవధి కంటే వేళ ముఖ్యం. వారాంతంలో మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ అరగంట కూర్చోవడం వల్ల నేర్చుకున్నది ఎక్కువ నిలుస్తుంది. మధ్యలో విరామమిస్తూ చేసిన అభ్యాసం ఒక్కసారిగా చేసినదానికంటే బాగా గుర్తుంటుందని 1885లోనే జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన ప్రయోగాల్లో గమనించారు. రోజులో ఎప్పుడూ జరిగే ఒక పనికి వెంటనే ముందో వెనకో సాధనను పెట్టుకుంటే, సమయం కోసం ప్రతిరోజూ వెతుక్కోవలసిన అవస్థ తప్పుతుంది. వాద్యాన్ని పెట్టెలో పెట్టి బీరువా మీద దాచకుండా, ఎండ, తేమ తగలని చోట కంటికి ఎదురుగా ఉంచాలి. పెట్టె తెరిచే శ్రమ చాలా చిన్నదే గాని, అలసిన సాయంత్రాల్లో ఆ చిన్న శ్రమే సాధన మానేయడానికి కారణమవుతుంది.

ఇక్కడ 10,000 గంటల మాట ప్రస్తావించాలి. 1993లో ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహపరిశోధకులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థులపై ప్రచురించిన అధ్యయనంలో, అగ్రశ్రేణి విద్యార్థులు 20 ఏళ్ల వయసు వచ్చేసరికి సగటున సుమారు అన్ని గంటలు సాధన చేసినట్లు తేలింది. తర్వాత ఆ సగటు ఒక నియమంగా ప్రచారంలోకి వచ్చి, వాద్యం మొదలుపెట్టబోయే ఎందరినో భయపెట్టింది. వృత్తి కళాకారులు కావాలని కఠినంగా శ్రమిస్తున్న యువకుల సగటు అది. ఇంట్లో తనకోసం వాయించుకునేవారికి దానితో పని లేదు. అదే అధ్యయనం నుంచి తీసుకోవలసింది వేరే ఉంది: తన బలహీనత ఎక్కడుందో గుర్తించి, దాని మీదే దృష్టి నిలిపి చేసే సాధన మనసును త్వరగా అలసింపజేస్తుంది కాబట్టి, దాన్ని చిన్న చిన్న భాగాలుగా, మధ్యలో విశ్రాంతితో చేయాలి.

సాధన ప్రారంభంలో శ్రుతి చేసుకోవడాన్ని ముందస్తు పనిగా కాక, ఆ రోజు సంగీతంలో మొదటి అంశంగా చూడాలి. ఫోనులోని ట్యూనర్ సూది చూసి ముగించకుండా, చెవితో చేయడం నేర్చుకోండి. దాదాపు ఒకే శ్రుతిలో ఉన్న రెండు తీగలను కలిపి మీటినప్పుడు, శబ్దం నిలకడగా ఉండకుండా పెరుగుతూ తగ్గుతూ అలలుగా వినిపిస్తుంది. ఒక తీగ సెకనుకు 440 సార్లు, రెండోది 442 సార్లు కంపిస్తుంటే సెకనుకు రెండు అలలు పుడతాయి. బిరడాను నెమ్మదిగా తిప్పుతూ పోతే అల సాగుతుంది, సెకనుకు ఒకటి, రెండు సెకన్లకు ఒకటి అవుతుంది, చివరకు వినిపించకుండా పోయి రెండు తీగల నాదం ఒక్కటిగా నిలుస్తుంది. మొదట్లో ఆ అల అసలు వినిపించదు. కొన్ని వారాల తర్వాత అది వినిపించకుండా ఉండదు. బయటి ధ్వనిలో మారింది ఏమీ లేదు, వినే మనిషే మారాడు. ఫ్రాంక్ల్ చెప్పిన రెండో దారిలోకి వాద్యం మనల్ని తీసుకుపోయేది ఇలాంటి చోటే. వినడానికి చెవి ఒక్కటే సాధనం కాదని కూడా గుర్తుంచుకోవాలి. స్కాట్లాండ్‌కు చెందిన తాళవాద్య కళాకారిణి ఎవలిన్ గ్లెన్నీ 12 ఏళ్ల వయసుకే వినికిడిని చాలావరకు కోల్పోయారు. ఆమె కంపనాలను శరీరంతో గ్రహించేందుకు పాదరక్షలు లేకుండా వాయిస్తారు. తీగ మీటాక వాద్యం దేహం మీద అరచేయి ఆనించి, ఆ కంపనం పూర్తిగా ఆగేవరకు ఉండి చూడండి.

తర్వాత ఆ రోజు పాఠం. తప్పు దొర్లిన చోట ఆగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం దాదాపు అందరికీ ఉండే అలవాటు. దానివల్ల వచ్చిన భాగం వందసార్లు, రాని భాగం పదిసార్లు సాధన అవుతుంది. అంతకంటే, తడబడిన స్వరానికి ముందున్న రెండు మూడు స్వరాల దగ్గర ఆగి చూడాలి, ఎందుకంటే తప్పు వినిపించే చోటు ఒకటైతే అది పుట్టే చోటు తరచుగా మరొకటి. పై స్థాయి స్వరం తప్పిందనిపిస్తే, దానికి ముందు స్వరం దగ్గరే చేయి జరగడానికి సిద్ధపడకుండా బిగుసుకుని ఉందేమో పరిశీలించండి. ఆ మూడు స్వరాలను మాత్రమే విడిగా తీసుకుని, నవ్వు వచ్చేంత నెమ్మదిగా, వేలు ఎప్పుడు లేస్తోంది, ఎప్పుడు వాలుతోంది అని గమనిస్తూ వాయించాలి. తప్పు లేకుండా కొన్నిసార్లు వరుసగా వచ్చాక ముందొక స్వరం, వెనకొక స్వరం కలుపుకుంటూ పోవాలి. కాలం, అంటే వేగం, పెంచడం అన్నిటికంటే చివర. ఒకటో కాలంలో నిలకడగా రానిది దానికి రెట్టింపు వేగమైన రెండో కాలంలో రాదు, వచ్చినట్టు వినిపించినా అది తప్పులు కలిసిపోయిన వేగమే.

వారానికి ఒకసారి ఫోనులో రికార్డు చేసి, వెంటనే వినకుండా మర్నాడు వినండి. వాయిస్తున్నప్పుడు మనసు వాయించాలనుకున్నదాన్ని వింటుంది, మర్నాడు మాత్రం వాయించినదాన్నే వింటుంది. మొదటిసారి విన్నప్పుడు కలిగే నిరుత్సాహం సహజం. ఆ రికార్డులను చెరిపేయకుండా దాచుకుంటే, కొన్ని నెలల తర్వాత ముందుకు కదిలామా లేదా అన్న ప్రశ్నకు ఊహతో పని లేని జవాబు దొరుకుతుంది.

సాధన చివర ఐదు నిమిషాలు పాఠంతో సంబంధం లేకుండా, వచ్చినదేదో ఇష్టంగా వాయించుకోవడానికి వదిలేయాలి. దిద్దుకోవడానికి కూర్చున్నామన్న సంగతి ఆ ఐదు నిమిషాలు మరిచిపోవాలి. వరుసగా ఎన్ని రోజులు సాధన చేశారో లెక్కపెట్టి పతకాలిచ్చే యాప్‌ల విషయంలో జాగ్రత్త అవసరం. లెక్క తెగిన రోజున దానితో పాటు సాధన కూడా తెగిపోయినవారు ఉన్నారు.

ఇతరులతో, ఇతరుల కోసం

ఒంటరిగా నేర్చుకున్నది ఎంతో కొంత నిలిచాక, ఇంకొకరితో కలిసి వాయించే అవకాశం వెతుక్కోవాలి. దీనికి గొప్ప నైపుణ్యం అక్కర్లేదు. ఒకరు తాళం వేస్తుండగా జంట స్వరాలు వాయించినా చాలు, ఒంటరిగా ఉన్నప్పుడు కష్టమైన చోట ఆగుతూ, తేలికైన చోట పరుగెత్తుతూ వచ్చిన సంగతి అప్పుడు బయటపడుతుంది. రెండో మనిషి తాళం మన కోసం ఆగదు.

ఈ విషయంలో పక్కవాద్యం వాయించే పద్ధతి నుంచి నేర్చుకోవలసింది ఎంతో ఉంది. గాత్రం పాడేవారు రాగాలాపన (తాళం లేకుండా రాగాన్ని విస్తరించి పాడటం) చేస్తున్నప్పుడు వయొలిన్ వాయించేవారు పాడిన ప్రతి పలుకు వెనకే, ఒక క్షణం ఆలస్యంగా, తక్కువ ధ్వనితో నీడలా నడుస్తారు. పాడేవారు ఊపిరి తీసుకునే ఖాళీలో చివరి స్వరాన్ని నిలిపి పట్టుకుంటారు. ఎదుటివారు ఎటు వెళ్లబోతున్నారో అంచనా వేయాలి, కానీ వాళ్లకంటే ముందు అక్కడికి చేరకూడదు. తన విద్యనంతా ఇంకొకరు మెరుగ్గా వినిపించడానికి వినియోగించే ఈ పనిని చిన్న స్థాయిలో ఎవరైనా ప్రయత్నించవచ్చు. ఇంట్లో పాడేవారు ఎవరైనా ఉంటే, వారు పాడే పాటకు ఆధారశ్రుతిని (పాటకు ఆధారమైన స స్వరాన్ని) మాత్రం మీటుతూ కూర్చోండి, తర్వాత పల్లవి చివర స్వరాన్ని అందుకోండి. మనిషి మీద అంత శ్రద్ధ పెట్టి వినే సందర్భాలు మామూలు రోజుల్లో చాలా తక్కువ.

వినిపించడం విషయానికి వస్తే, వేదిక కంటే ముందు ఒక మనిషిని ఎంచుకోండి. ఫలానా వ్యక్తికి ఇష్టమైన పాట ఒకటి, ఫలానా రోజుకు వాయించి వినిపించాలని పెట్టుకుంటే, సాధనకు గడువూ ఏర్పడుతుంది, కారణమూ ఏర్పడుతుంది. పాట మీ స్థాయికి కొంచెం కిందిదే అయి ఉండాలి. వాయించే ముందు "సరిగా రాదేమో" అని క్షమాపణలు చెప్పకండి. వినేవారు అప్పుడు పాటను వదిలి తప్పుల కోసం ఎదురుచూస్తారు.

ముందుకు కదలని కాలం

నేర్చుకునే వేగం ఎప్పుడూ ఒకేలా ఉండదు. మొదటి నెలల్లో ప్రతి వారం ఏదో ఒకటి కొత్తగా వస్తుంది, తర్వాత చాలాకాలం ఏమీ రానట్టు ఉంటుంది. అటువంటి సమయంలో చాలామంది వెనక్కి వెళ్తున్నామనుకుంటారు, కానీ తరచుగా జరిగేది మరొకటి: చెవి చేతికంటే ముందుకు వెళ్లిపోయి, నిన్నటిదాకా వినిపించని అపస్వరాలను ఇప్పుడు పట్టుకుంటోంది. పాత రికార్డు విని చూస్తే ఆ అనుమానం తీరుతుంది. తీరకపోతే పాఠాన్ని మార్చండి: కొన్నాళ్లు కొత్తవేవీ నేర్చుకోకుండా వచ్చినవాటినే వేరే కాలప్రమాణంలో వాయించడం, వాయించేదాన్ని గొంతుతో పాడటం, లేదా వాద్యాన్ని పక్కన పెట్టి వారం రోజులు విడవకుండా ఒకే రాగాన్ని వినడం వంటివి చేయవచ్చు.

శరీరం విధించే పరిమితులు ఇంకో విషయం. వేళ్లు బిరుసెక్కాయి, చూపు తగ్గింది, ఉద్యోగం వల్ల భుజాలు పట్టేశాయి అన్నవి నిజమైన అడ్డంకులే, వాటిని మనోబలంతో జయించవచ్చని చెప్పడం అన్యాయం. వాటితో ఎలా నడవాలన్నది మాత్రం మన చేతిలో ఉంది. గిటార్ వాదకుడు జాంగో రైన్‌హార్ట్ 1928లో, 18 ఏళ్ల వయసులో, తాను నివసించే బండికి నిప్పంటుకోవడంతో తీవ్రంగా గాయపడ్డారు; ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దాదాపు పనికిరాకుండా పోయాయి. ఆయన మిగిలిన రెండు వేళ్లతో తీగల మీద పరుగులు తీసే పద్ధతిని మళ్లీ మొదటి నుంచి తయారుచేసుకున్నారు, ఆ పద్ధతే ఆయన వాదనానికి గుర్తింపు అయింది. మామూలు సాధకులకు ఇందులో వర్తించేది చిన్నదే: చేయి అందుకోలేని సంగతిని నెలల తరబడి పట్టుకుని వేలాడకుండా, అదే భావాన్ని తమ చేతికి వీలయ్యే మరో వేళ్ల వరుసలో పలికించే మార్గం గురువుతో కలిసి వెతకాలి. నొప్పి వస్తే మాత్రం ఆపాలి. కొత్తలో తీగల వల్ల వేలికొనలు మండటం మామూలే, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడి తగ్గుతుంది. మణికట్టు, మోచేయి, మెడల్లో నొప్పి, వేళ్లలో తిమ్మిరి మామూలు కాదు. అవి పట్టులోనో, కూర్చునే తీరులోనో లోపాన్ని సూచిస్తాయి, తగ్గకపోతే వైద్యుణ్ని సంప్రదించాలి.

మానేసి మళ్లీ మొదలుపెట్టేవారికి

కాన్పు, బదిలీ, ఇంట్లో అనారోగ్యం, లేదా ఏ కారణమూ లేని ఒక బద్ధకపు నెల, వీటిలో ఏదో ఒకదాని వల్ల సాధన ఆగిపోవడం జరుగుతూనే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు పోయినదాన్ని ఒక్క వారంలో రాబట్టుకోవాలని చూడటమే రెండోసారి మానేయడానికి ప్రధాన కారణం. ముందు వాద్యాన్ని బాగు చేయించండి: తుప్పు పట్టిన తీగలు మార్చడం, వదులైన బిరడాలు సరిచేయించడం, మృదంగమైతే చర్మపు మూతలు చూపించడం. మొదటి వారం పాఠాల జోలికి వెళ్లకుండా శ్రుతి చేసుకోవడం, దీర్ఘంగా ఒక్కొక్క స్వరం పలికించడం, బాగా తెలిసిన ఒక్క గీతాన్ని సగం వేగంలో వాయించడం చాలు. పూట పావుగంటకు మించకూడదు, ఎందుకంటే గట్టిబడిన వేలికొనలు మెత్తబడి ఉంటాయి, ఉత్సాహంలో వాటిని పగలగొట్టుకుంటే మళ్లీ నాలుగు రోజులు ఆగాలి. వేళ్లు మరిచిపోయినవి చాలావరకు మొదటిసారి కంటే త్వరగానే తిరిగి వస్తాయి. రెండో వారంలో గురువుకు కబురు చేసి, ఆగిన చోటు నుంచి కాకుండా దానికి రెండు పాఠాల వెనక నుంచి మొదలుపెట్టమని అడగండి.